ఎం.టెక్. ప్రవేశము: గ్రామమున తెలియవలసిన సంగతులు

చక్రాయపేట ప్రాంతమున ఇంజనీరింగు ముగించిన పిల్లలు పై చదువు మాట యెత్తినపుడు, పెద్దలు మొదట పంచాయతీ సభ్యులనే అడుగుదురు. పులివెందులలో 2006లో నెలకొన్న ఇంజనీరింగు కళాశాల నేడు అనంతపురపు జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు చెందినది. 1972లో హైదరాబాదున ఏర్పడిన విశ్వవిద్యాలయమును 2008లో విభజింపగా ఇది వెలసినది.

ఎం.టెక్.లో చేరగోరువారు తగిన శాఖలో బి.టెక్. పరీక్షయందు నూటికి 50 మార్కులు పొందియుండవలెను. రిజర్వేషను తరగతులవారికి 45 చాలును. చివరి సంవత్సరము చదువుచున్నవారును ప్రవేశపరీక్ష వ్రాయవచ్చును.

పరీక్షలు రెండు. అఖిల భారత స్థాయిలో గేట్, మన రాష్ట్రమున పి.జి.ఇ.సెట్. సీట్ల కేటాయింపులో గేట్ అర్హులకే మొదటి వరుస. ఆ స్కోరు మూడేండ్లు చెల్లును. అంతకన్న ముఖ్యము, గేట్ అర్హతతో అనుమతి పొందిన కళాశాలలో చేరినవారికి అఖిల భారత సాంకేతిక విద్యామండలి నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనము నిచ్చుచున్నది. వేరుశనగ పంట చేతికి రాని యేట ఒక రైతు ఇంటికి ఇది స్వల్పము కాదు. పి.జి.ఇ.సెట్.లో 120 ప్రశ్నలు, రెండు గంటల వ్యవధి. తప్పు జవాబునకు మార్కుల కోత లేదు గనుక ఏ ప్రశ్నను విడువరాదు.

ర్యాంకు వచ్చియు కాగితములు లేక సీటు జారుట కద్దు. తహశీల్దారు ఇచ్చు కుల, ఆదాయ ధ్రువపత్రములను, చదివిన పాఠశాలల పత్రములను పరీక్షకు ముందే సిద్ధపరుపింపుడు. పదవ తరగతి పత్రములో ఉన్న పేరే అన్నిటను ఉన్నదో లేదో సరిచూడుడు.