మల్బరీ తోటకు పాషాణం నీరు: మొక్క పొదుపు, రైతు జాగ్రత్త



పావగడ తాలూకాలో బోరు నీరంటే ముందు ఫ్లోరైడే గుర్తుకొస్తుంది. వల్లూరు రైతులకు ఇది కొత్త సంగతి కాదు. రాతి పొరల నుండి నీటిలో కలిసే విషం మరొకటి ఉంది. అది ఆర్సెనిక్. పెద్దలు పాషాణం అనేది దీనితో అయినదే. మన రాష్ట్రంలోనే రాయచూరు, యాదగిరి జిల్లాల బంగారు గనుల ప్రాంతాల్లో భూగర్భ జలాల్లో ఇది బయటపడింది. వల్లూరు బోర్లలో ఉందని మేము చెప్పడం లేదు. అయితే దీనికి రంగు, రుచి, వాసన లేవు కనుక పరీక్ష చేయించనిదే లేదని కూడా అనలేము.

ఆర్సెనిక్ రూపాల్లో ఒకటి భాస్వరాన్ని పోలి ఉంటుంది. అందుచేత భాస్వరం పోయే దారినే వేరులోకి చొరబడుతుంది. దాన్ని కట్టివేయడానికి మొక్క గ్లూటాథయోన్ అనే పదార్థాన్ని వాడుతుంది. ఇది గ్లూటమేట్, సిస్టీన్, గ్లైసీన్ అనే 3 అమైనో ఆమ్లాలతో తయారవుతుంది. సిస్టీన్‌లోని గంధకమే విషాన్ని పట్టుకునేది.

విషం వస్తూనే ఉంటే మొక్క ఎంతని తయారు చేయగలదు? పాత ఇల్లు విప్పినప్పుడు దూలాలు, వాసాలు కొత్త ఇంటికి వాడుకుంటాము గదా! మొక్కదీ అదే పద్ధతి. కొంత గ్లూటాథయోన్‌ను విడగొట్టి, అందులోని గ్లూటమేట్‌ను తిరిగి వాడుకుంటుంది. ఈ విడగొట్టే ఎంజైమును అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ఓం ప్రకాశ్ ధన్‌ఖేర్ బృందం గుర్తించి 2013లో ప్రకటించింది. వారు చూసింది ఆవాల కుటుంబపు చిన్న మొక్క అరబిడాప్సిస్‌లో, మల్బరీలో కాదు. ఆ ఎంజైము లేని మొక్కలు చచ్చిపోతాయని ఎవరైనా అనుకుంటారు. అవి ఆర్సెనిక్‌ను ఇంకా బాగా తట్టుకున్నాయి! కానీ ఊరికే కాదు. నత్రజనిని కొన్ని రెట్లు ఎక్కువగా వంటబట్టించుకున్నాయి. పాత సరుకు తిరిగి రాకపోతే కొత్త సరుకు అంత కావాలన్నమాట.

మనకు పనికివచ్చేది ఈ నత్రజని లెక్కే. ఆకులోని మాంసకృత్తులకు అదే మూలం. ఐదో జ్వరం పురుగు వాటితోనే పట్టు చేస్తుంది. పట్టు దారంలోని అమైనో ఆమ్లాల్లో నూటికి సుమారు 45 పాళ్ళు గ్లైసీనే. నత్రజని కరువైన తోట విషాన్నీ తట్టుకోలేదు, మంచి ఆకునూ ఇవ్వలేదు.

నీటి వసతి గల వి-1 తోటకు ఎకరాకు ఏడాదికి 8 టన్నుల పశువుల ఎరువు, 140 కిలోల నత్రజని, 56 కిలోల భాస్వరం, 56 కిలోల పొటాష్ ఇవ్వాలి. రసాయన ఎరువులను పంట పంటకూ విడతలుగా వేయండి. ఒక విడతకు అమ్మోనియం సల్ఫేట్ వాడితే గంధకమూ అందుతుంది.

ఎరువు విషాన్ని తీసివేయదు. కట్టిన విషం మొక్కలోనే ఉంటుంది. ఎక్కువ భాగం వేర్లలో ఆగినా, ఆకుకు ఎక్కినది పురుగు కడుపులోకి పోతుంది. పచ్చగా ఉందని ఆకును నమ్మరాదు.

బోరు 10 నిమిషాలు నడిచాక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో నీరు పట్టి, సర్వే నంబరు రాసి పరీక్షకు ఇవ్వండి. మామూలు సాగునీటి పరీక్షలో ఆర్సెనిక్ చూడరు. చూడమని విడిగా అడగండి. సాగుకు లీటరుకు 0.1 మిల్లీగ్రాము, తాగడానికి 0.01 మిల్లీగ్రాము మించరాదు.