గంట కొట్టే వేళకు వెళ్లండి

బెంగళూరు సర్జాపుర రోడ్డు మీద విప్రో దాటి దొమ్మసంద్ర వైపు బండి పోనిస్తే కనిపించే హోర్డింగుల్లో సగం అపార్ట్‌మెంట్లవి, సగం స్కూళ్లవి. రెండిటి మీదా అదే నవ్వు, అదే ఈతకొలను. ఎల్‌కేజీ సీటు వెతకడం ఇక్కడ ఏ అమ్మానాన్నలకైనా తలనొప్పే. పిల్లాడికి ఆటిజం ఉంటే మాత్రం ఆ హోర్డింగుల మీది మాట ఒక్కటీ పనికిరాదు. 'ఇన్‌క్లూజివ్' అన్నది ఇప్పుడు ప్రతి బ్రోషర్లోనూ ఉంటోంది, పచ్చడి సీసా మీద 'ఇంటి రుచి' ఉన్నట్టు.

మరి దేన్ని చూడాలి? ఓపెన్ హౌస్‌ని మాత్రం కాదు. ఆ రోజు బడి పెళ్లికూతురు. ఏ బడైనా మంచి వేళల్లో బాగానే ఉంటుంది. మీరు చూడాల్సింది దాని చెడ్డ పది నిమిషాలు. పొద్దున గేటు దగ్గర వ్యాన్లన్నీ ఒకేసారి హారన్ కొట్టే వేళ, భోజనం గంట మోగే వేళ, వార్షికోత్సవం రిహార్సల్లో స్పీకర్లు అదిరే వేళ. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి చప్పుడూ వెలుతురూ తాకిడీ మనకు తగిలినట్టు తగలవు. మనకది గంట. వాడికి చెవిలో గునపం. చెప్పడానికి మాట రాక నేల మీద పడిపోతాడు. దాన్ని మొండితనం అనే బడి ఎంత పెద్దదైనా మీకొద్దు.

నాకు బాగా తెలిసిన ఇల్లొకటి ఉంది. పిల్లాడికి నాలుగున్నరేళ్లు. మాటలు పది పదిహేను. లిఫ్టు ఎక్కితే అంకెలు పై నుంచి కిందికి తప్పకుండా చదువుతాడు. మొదట చేర్చిన పెద్ద బడి వారం రోజుల ట్రయల్ అంది. మూడో రోజే ఫోను: "బాబు సర్కిల్ టైమ్‌లో కూర్చోవట్లేదు, వచ్చి తీసుకెళ్లండి." రెండో బడి, క్లాసులో వాడి పక్కనే ఉండే షాడో టీచర్ని మీరే తెచ్చుకుంటే సరే అంది. మూడోది ఒక సందులో, రేకుల షెడ్డుతో కలిపి నాలుగు గదులు. వాళ్లు వెళ్లేసరికి గంట మోగింది. వీడు చెవులు మూసుకుని బెంచీ కిందికి దూరాడు. తల్లి లోపల ఫీజు కాగితం చూస్తోంది, తండ్రి వరండాలో ఉన్నాడు. ఒక ఆయమ్మ వచ్చి రెండు బారల దూరంలో గొంతుక్కూచుంది. పిలవలేదు, లాగలేదు. చప్పుడు తగ్గాక మెల్లిగా అడిగింది: "ఉచ్చ వస్తాదా కన్నా?" వాడు బయటికి వచ్చి ఆమె కొంగు పట్టుకున్నాడు.

ఆనేకల్, హోసూరు పట్టున తరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. ఆ ఆయమ్మ కూడా ఆ ఊళ్ల మనిషే. ఎంఏ ఇంగ్లీషు చదివిన క్లాసు టీచరుకు వాడి 'ఉచ్చ' అర్థం కాకపోవడం టీచరు తప్పు కాదు, ఎవరూ చెప్పకపోవడం తప్పు. అందుకే చేర్చే రోజున ఒక్క కాగితం రాసి ఇవ్వండి. వాడు దాహానికి ఏమంటాడు, బాత్రూముకు ఏమంటాడు, దేనికి భయపడతాడు, ఏడుపు మొదలయ్యే ముందు ఏం చేస్తాడు, అప్పుడు ఏం చేస్తే తగ్గుతుంది, ఏం చేస్తే పెరుగుతుంది, ఏది కనిపిస్తే మొహం విప్పారుతుంది. డాక్టరు రిపోర్టు పన్నెండు పేజీలుంటుంది, దాన్ని ఎవరూ చదవరు. ఈ ఒక్క పేజీ ఆయమ్మకు కూడా చదివి వినిపించమనండి.

భాష సంగతి వచ్చింది గనక ఇంకొక్క మాట. "ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడండి, లేకపోతే వాడు తికమక పడతాడు" అని కొందరు థెరపిస్టులే చెబుతుంటారు. రెండు భాషల ఇళ్లలో పెరిగే ఆటిజం పిల్లల మీద పరిశోధనలు జరిగాయి. రెండో భాష వల్ల వాళ్లకు మాట ఇంకా ఆలస్యమవుతుందని వాటిలో తేలలేదు. తెలుగు తీసేస్తే ముందు పోయేది వీడియో కాల్లో అమ్మమ్మ. ఆ పది పదిహేను మాటలూ ఆవిడ దగ్గర నేర్చుకున్నవే కావచ్చు.

ఆటిజం సంగతి బడికి చెప్పాలా వద్దా? బంధువుల్లో ఒకరైనా "చెప్పకండి, సీటివ్వరు" అంటారు. చెప్పండి. మూడో రోజుకి బయటపడేదాన్ని మొదటి రోజు దాచి ఏం లాభం? చెప్పేటప్పుడు గొంతు మాత్రం జాగ్రత్త. చాలామంది అమ్మానాన్నలు కోఆర్డినేటర్ ముందు అప్పు అడిగేవాళ్లలా కూర్చుంటారు. "మా వాడు ఎవరినీ ఇబ్బంది పెట్టడండీ" అని బతిమాలతారు. ఇబ్బంది పెడతాడు. నాలుగేళ్ల పిల్లలందరూ పెడతారు. బతిమాలడం ఆపి ప్రశ్న అడగండి: "ఇలాంటి పిల్లాడు నేల మీద పడి ఏడ్చినప్పుడు పోయినసారి మీరేం చేశారు?" ఏం చేస్తారు అని కాదు, ఏం చేశారు అని. చేసిన బడి ఒక కథ చెబుతుంది, అందులో ఒక టీచరు, ఒక మూల గది, ఒక పొరపాటు కూడా ఉంటాయి. చేయని బడి పాలసీ చెబుతుంది.

"మా దగ్గర ఆ సౌకర్యం లేదండీ" అంటే? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ గుర్తింపున్న బడులు వివక్ష లేకుండా చేర్చుకోవాలి, పిల్లాడి అవసరానికి తగ్గ సర్దుబాట్లు చేయాలి. ప్రాథమిక తరగతుల్లో ప్రత్యేక అవసరాలున్న 10 మంది పిల్లలకు ఒక స్పెషల్ టీచరు చొప్పున ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి స్పెషల్ ఎడ్యుకేటర్ ఉన్నారా అని అడిగి వదిలేయకండి. ఎంతమంది పిల్లలకు ఒకరు, వారంలో ఎన్ని రోజులు ఈ బ్రాంచిలోనే ఉంటారు అని అడగండి. కాదన్న బడిని ఆ మాట మెయిల్లో రాయమనండి. చాలాచోట్ల స్వరం అక్కడే మారుతుంది. అయితే మనసు లేని బడిలో చట్టం చూపించి ఎల్‌కేజీ చేర్పించమని మాత్రం నేననను. ఫిర్యాదు చేయండి, పిల్లాణ్ణి ఇంకోచోట చేర్చండి.

షాడో టీచరు విషయంలో ఒకటే జాగ్రత్త. ఆమె పిల్లాడికీ క్లాసుకీ మధ్య గోడ కాకూడదు. ఒక బడిలో చూశాను, క్లాసు టీచరు పిల్లాణ్ణి కాకుండా షాడోని అడుగుతోంది, "వీడు తిన్నాడా?" అని. ఎదురుగా వాడు నమిలి మింగుతున్నాడు. నెలనెలా ఆమె కుర్చీ ఒక్క అడుగైనా వెనక్కి జరగాలని మొదటి రోజే మాట తీసుకోండి.

తొందర కూడా వద్దు. కర్ణాటకలో ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలన్న నిబంధన ఉంది, అది మీకు వరమే అనుకోండి. ఎల్‌కేజీకి ముందు ఒక ఏడాది థెరపీకి ఇచ్చినా నష్టం లేదు. మామూలు బడికి వెళ్లేలా చిన్న పిల్లలను తయారుచేయడానికే బెంగళూరులో డాక్టర్ ప్రతిభా కారంత్ కామ్ డీల్ కార్యక్రమాన్ని నడిపారు. బడికి కావలసినది ఏబీసీడీ ఒక్కటే అయితే ఆ శ్రమ అక్కర్లేదు. నలుగురిలో కూర్చోవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, కావలసింది అడగడం ఇంకా కష్టం.

వైకల్య ధ్రువపత్రం తీసుకుంటే 'ముద్ర పడుతుంది' అని వెనకాడకండి. ఆ పత్రం కోసం ఆటిజాన్ని అంచనా వేసే 40 అంశాల భారతీయ కొలమానం ఐఎస్ఏఏ తయారైంది మన సికింద్రాబాద్‌లోనే. పదో తరగతి పరీక్షలో అదనపు సమయం కావాల్సి వస్తే ఆ ధ్రువపత్రమే అడుగుతారు.

ఇక దూరం. ఇబ్లూరు సిగ్నల్ దాటాల్సిన బడి ఎంత గొప్పదైనా పక్కన పెట్టండి. గంటసేపు వ్యాన్లో హారన్లు విని దిగిన పిల్లాడికి ఏ టీచరూ ఏమీ నేర్పలేరు. ఫోన్ వస్తే పది నిమిషాల్లో చేరేంత దగ్గర చాలు.

నాన్నలకో మాట. బడులు చూడ్డం అమ్మ పని అనుకుని మీరు స్టాండప్ కాల్లో ఉండిపోకండి. నేను చెప్పిన ఇంట్లో మొదటి రెండు బడులకూ ఆవిడ ఒక్కతే వెళ్లింది. మూడోదానికి ఆయన కూడా వెళ్లాడు, అదీ నెట్‌వర్క్ పోయి కాల్ కట్టయింది గనక. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ ఫీజు ఎంతో చెబుతోంది. ఆయన ఆయమ్మ పేరు అడిగి రాసుకున్న చీటీ జేబులోంచి తీశాడు.