చిల్గోజా పప్పు: పోషణ, వాడకం, నిల్వ

హిమాచల్ ప్రదేశ్‌లోని కిన్నౌర్ జిల్లాలో సహజంగా పెరిగే ఒక జాతి పైన్ వృక్షపు గింజలే చిల్గోజాలు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కాయలు విచ్చుకోకముందే కోసి, ఎండబెట్టి గింజలు తీస్తారు. పప్పు బరువులో దాదాపు సగం నూనె. మాంసకృత్తులు, మెగ్నీషియం, జింకు కూడా లభిస్తాయి. ఇది త్వరగా మాడుతుంది గనుక సన్నని సెగపై దోరగా వేయించి, పలావులోనో పాయసంలోనో చివరగా కలపండి.

అయితే బలమిచ్చే ఆ నూనే వర్తకునికి నష్టహేతువు కాగలదు. పెంకు తీసిన పప్పుకు వేడి, గాలి తగిలితే ముక్కవాసన వస్తుంది, అమ్ముడుపోదు. కనుక అప్పుతో సరుకు కొనేవారు పెంకుతోనే కొనండి. గాలి చొరని డబ్బాల్లో, చల్లని పొడి చోట నిల్వచేయండి. అమ్మకానికి సరిపడినంతే ఎప్పటికప్పుడు ఒలవండి. సరుకు చెడినా బ్యాంకు వాయిదా ఆగదు కదా!