కంప్యూటరులో పాట ఏల తెగును?

ఇంటి కంప్యూటరు మందగించి పాట మధ్యమధ్య తెగినచో మనము మొదట స్పీకరును నిందింతుము. అది అన్యాయము.

సీడీ ధ్వని సెకనుకు 44,100 నమూనాలుగా, రెండు చెవులకు కలిపి 1,76,400 బైట్లుగా సాగును. కంప్యూటరు దీనిని చిన్న తొట్టివంటి చోట ముందే నింపుకొని వినిపించును. నింపుట ఆలస్యమైనచో తొట్టి వట్టిపోవును, పాట తెగును. ఆలస్యమునకు కారకులెవరన్నదే ప్రశ్న.

నెల్లూరు చెంత మైపాడు తీరమున మా ఇంట విండోస్ ఎక్స్‌పీతో నడచు పాత కంప్యూటరుండెడిది. మరమ్మతుదారు ఒకరు చూచి క్రొత్తది కొనుమనెను. ఆ యేడు నాన్నగారికి రొయ్యల గుంటలు కలిసిరాలేదు. చెల్లెలి పరీక్ష పాఠములన్నియు ఆ డిస్కులోనే యున్నవి.

డి.ఎం.ఎ. పద్ధతిలో డిస్కులోని సమాచారము ప్రాసెసరుకు శ్రమ లేకయే మెమరీకి చేరును. బదిలీలో పొరపాట్లు ఆరు పోగైనచో ఎక్స్‌పీ వేగమును ఒక మెట్టు దించును; అట్లే దించుచు తుదకు పి.ఐ.ఓ. పద్ధతికి చేర్చును. అప్పుడు బరువంతయు ప్రాసెసరే మోయవలెను. డివైస్ మేనేజరులో ఐ.డి.ఇ. ఛానలును చూడగా పి.ఐ.ఓ. అనియే యుండెను!

డిస్కు చెడుచున్నను ఇవే పొరపాట్లు కలుగును గనుక ముందుగా పాఠములకు నకలు తీసితిమి. పిదప ఛానలును తొలగించి కంప్యూటరును మరల ప్రారంభింపగా వేగము వచ్చెను. పది దినములకే పోయెను. పెట్టె విప్పి చూడగా కేబులు మొనలు నల్లబడియుండెను. ఉప్పుగాలి పనియని నా అనుమానము. 80 తీగల క్రొత్త కేబులు వేసితిమి. ఫ్యానులోని దుమ్మును గూడ దులిపితిమి; వేడెక్కిన ప్రాసెసరు తనంత తానే నెమ్మదించును గదా. ఆ రాత్రి చెల్లెలు పాఠమును తుదివరకు వినెను.