లంగరు వేసిన పడవలో టెలివిజన్

మన చంద్రపూరులోను, బల్లార్‌పూరులోను తెలుగువారి యిండ్ల పైకప్పులను చూడుడు. డిష్‌లన్నియు దక్షిణమునకో ఆగ్నేయమునకో మొగము పెట్టి, తలలెత్తి నిలిచియుండును. గాలిదుమారము వచ్చి డిష్ అంచు ఒక వ్రేలిమందము జరిగినదా, క్రింద టెలివిజన్ నిలిచిపోవును. ఒకరు మేడ యెక్కి దానిని త్రిప్పుచుండగా, మఱియొకరు కిటికీలోనుండి “వచ్చింది, వచ్చింది, పోయింది” అని కేకలు వేయుట మీలో చూడనివారుండరు. కదలని సిమెంటు కప్పుమీదనే యింత సున్నితమైన ఈ పని, గుంజకు కట్టిన దూడవలె లంగరుచుట్టు తిరిగెడి పడవలో ఎట్లు సాధ్యమగునో ఈ వ్యాసమున విచారింతము.

పడవలో టెలివిజన్ ఎవరికి కావలెనని కొందఱడుగవచ్చును. పాశ్చాత్య దేశములలో విహారనౌకలు గలవారికిది వినోదమునకు సంబంధించిన ప్రశ్న. మనవారి సంగతి వేఱు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల మత్స్యకారులు అనేకులు ఏటేట గుజరాతు తీరమందలి వేరావల్ రేవునకు పోయి, అచ్చటి మరపడవలలో పనిచేయుదురు. నెలల తరబడి వారికి పడవయే యిల్లు. వంట, నిద్ర, జబ్బు, పండుగ అన్నియు దానియందే. 2020 మార్చి చివర దేశమంతటను లాక్‌డౌన్ విధింపబడినప్పుడు, వేలమంది తెలుగు మత్స్యకారులు ఆ రేవులోని పడవలయందే చిక్కుకొనిపోయిరి. ఏప్రిల్ చివరకు గాని బస్సులలో స్వస్థలములకు చేర్పబడలేదు. చుట్టును గుజరాతీ మాట. రోగమెట్టిదో, ప్రభుత్వమేమి చెప్పుచున్నదో, బస్సులెప్పుడు వచ్చునో తెలిసికొనవలసినది మాత్రము తమ భాషలో. మరాఠీ బోర్డుల నడుమ తెలుగు చదువు చదువుకొనుచున్న మీకు ఆ యవసరమెట్టిదో నేను విడమరచి చెప్పనక్కఱలేదు.

వేరావల్‌కు గాని చంద్రపూరునకు గాని, హైదరాబాదు, విజయవాడల స్తంభములనుండి వెలువడు టెలివిజన్ తరంగములు చేరవు. భూమి గుండ్రముగా నుండుటయే దీనికి కారణము. ఆ తరంగములు ఇంచుమించుగా మన చూపువలె తిన్నగా పోవును. 100 మీటర్ల స్తంభమునుండి బయలుదేఱిన తరంగము, నీటికి 4 మీటర్ల యెత్తున ఏరియల్ కట్టుకొన్న పడవను సుమారు 50 కిలోమీటర్ల దూరము వఱకే అందుకొనగలదు. కావున దూరమున నున్నవారికి ఆకాశమే దారి. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అను పేర ఆరంభమైన నేటి డీడీ ఫ్రీ డిష్, నెలసరి రుసుము లేకుండ యాదగిరి, సప్తగిరి అను తెలుగు చానెళ్లను గూడ అందించుచున్నది. దీనిని మోయు జీశాట్-15 ఉపగ్రహము 2015 నవంబరులో ప్రయోగింపబడినది. భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల యెత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశమునందు, భూమితో సమానముగా తిరుగుచు, మనకు నిలిచియున్నట్లే తోచును. లెక్క కట్టి చూచినచో అది చంద్రపూరునకు దిగంతమునుండి సుమారు 61 డిగ్రీల యెత్తునను, కాకినాడకు 66 డిగ్రీల యెత్తునను, వేరావల్‌కు 54 డిగ్రీల యెత్తునను ఉండును.

ఇక పడవ సంగతి. లంగరు వేసిన పడవ నిలిచియున్నదని ఒడ్డుననున్నవారు తలంతురు. లంగరు అడుగున నిలుచును, పడవ నిలువదు. గాలి యెటు త్రిప్పిన అటు తిరుగును. పోటు వచ్చునప్పుడొక వైపునకును, ఆటు తీయునప్పుడొక వైపునకును ముక్కు మళ్లించును. అలకు ప్రక్కలకు ఊగును. మన వార్ధా నదినీరు వైనగంగతో కలిసి ప్రాణహితయై, కాళేశ్వరమువద్ద గోదావరిలో చేరి, సముద్రమునకు పోవునని భూగోళములో చదివితిరి గదా. ఆ గోదావరి కొనిపోయిన యిసుకయే కాకినాడ యెదుట హోప్ ఐలాండ్ అను దిబ్బగా ఏర్పడి, లోపలి నీటిని పెద్ద అలలనుండి కాపాడుచున్నది. ఆ లంగరు రేవున ఓడలు ఒడ్డునకు దూరముగా లంగరు వేసికొని నిలుచును. వాటి సరకును బార్జీలు మోయును. దిబ్బ అడ్డమున్నందున అలలు తగ్గును గాని గాలిని, ఆటుపోట్లను ఆపువారెవ్వరును లేరు.

ఇచ్చట నొక చిత్రమున్నది. పోటునకు పడవ రెండు మీటర్లు పైకి లేచినను, లంగరు త్రాడు పొడవున నూఱు మీటర్లు ప్రక్కకు జరిగినను టెలివిజన్‌కు ఏమియు నష్టము లేదు. 36 వేల కిలోమీటర్ల దూరమునందున్న ఉపగ్రహమునకు నూఱు మీటర్లొక లెక్క కాదు. డిష్ చూచు దిక్కు మారుటయే చెఱుపు. ఎంత మారినచో చెఱుపో తెలిసికొనుటకొక సులభమైన లెక్క గలదు. తరంగము పొడవును డిష్ వ్యాసముతో భాగించి 70చే గుణింపుడు. ఈ ప్రసారముల తరంగము పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు, ఇంటి డిష్ 60 సెంటీమీటర్లు. వచ్చు ఫలము ఇంచుమించు 3 డిగ్రీలు. అనగా డిష్ చూపు మొత్తము 3 డిగ్రీల వెడల్పు మాత్రమే. నడుమనుండి ఒకటిన్నర డిగ్రీ తొలగిన యెడల అందెడి శక్తి సగమగును.

సంకేతము చాలలేదని పెద్ద డిష్ పెట్టిన వారికి చూపు ఇంకను ఇఱుకగును. 90 సెంటీమీటర్ల డిష్‌కు అది 2 డిగ్రీలే. మేడమీద పెద్ద డిష్ మేలు చేయును, పడవమీద పెద్ద డిష్ మఱింత కష్టము తెచ్చును. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వఱకు ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు, తెలుగు గ్రామములతో సహా, అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహముద్వారా పాఠములు ప్రసారము చేసినప్పుడు వాడిన డిష్‌లు 3 మీటర్లవి. వాటిని కోళ్లగూటి వలవంటి తీగవలతో చేసిరి. అయినను వాటి చూపు సుమారు 8 డిగ్రీలు. అప్పటి తరంగము పొడవు 35 సెంటీమీటర్లగుటయే కారణము. లెక్క మీరే చేసి చూచుకొనుడు.

మూడు డిగ్రీలనగా ఎంతయో కంటికి తెలియవలెనన్నచో, అట్టతో 60 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల నోరు గల గొట్టము చుట్టుడు. గోడమీద రూపాయి బిళ్లంత గుర్తు పెట్టి, దూరమునుండి ఆ గొట్టములోగుండ చూడుడు. కూర్చుండి చూచుట సులభమే. పిమ్మట ఉయ్యాల యెక్కి, నెమ్మదిగా ఊగుచు అదే గుర్తును చూపునుండి జాఱనీయక యుంచ యత్నింపుడు. పడవమీది డిష్ పడు పాట్లు మీకు బోధపడును.

అయితే పడవ తిరుగుటయు ఒరుగుటయు ఒకే విధమైన చెఱుపు కాదు. గొడుగు కఱ్ఱను నిట్టనిలువుగా పట్టుకొని గిరగిర తిరిగినను దాని కొన ఆకాశమున ఒక్కచోటనే చూపును. వాల్చి పట్టుకొని తిరిగినచో కొన పెద్ద సున్న చుట్టును. మన దేశమున ఉపగ్రహము చాల ఎత్తున నున్నందున డిష్ చూపు నిట్టనిలువునకు దగ్గఱ. కాకినాడలో పడవ 30 డిగ్రీలు తిరిగినచో డిష్ గుఱి సుమారు 12 డిగ్రీలే తప్పును. ఉపగ్రహము 25 డిగ్రీల యెత్తున మాత్రమే కనబడు ఇంగ్లండు తీరమున అదే తిరుగుడునకు 27 డిగ్రీలు తప్పును. ఈ విషయమున మనవారు అదృష్టవంతులే. కాని ఒరుగుట యందు ఈ మినహాయింపు లేదు. పడవ పది డిగ్రీలొరిగినచో గుఱి ఇంచుమించు పది డిగ్రీలు తప్పవలసినదే.

గుఱి కొంచెము తప్పినచో బొమ్మ కొంచెము మసకబాఱవలెను గాని, పూర్తిగా ఏల పోవలెను? పాత పద్ధతి టెలివిజన్‌లో అట్లే జరిగెడిది. చుక్కలు చుక్కలుగా, దయ్యపు నీడలతో నైనను బొమ్మ కనబడుచుండెను. డిజిటల్ ప్రసారమున బొమ్మ అంకెలుగా మారి వచ్చును. దారిలో కొన్ని చెడిపోవునని ముందే యెఱిగి, వాటిని సరిదిద్దుటకు అదనపు అంకెలు చేర్చి పంపుదురు. దీనిని గ్రహించుటకు తెలుగు విద్యార్థికి ఛందస్సును మించిన సాధనము లేదు. ఉత్పలమాలలో పాదమునకు 20 అక్షరములు, రెండవది ప్రాస, పదవది యతి. తాళపత్రమున ఒక పాదములోని రెండవ యక్షరమును పురుగు తినివేసిన దనుకొనుడు. తక్కిన మూడు పాదములలో ఆ స్థానమున నకారమున్నచో పోయినదియు నకారమే. గురువో లఘువో గణము చెప్పును. అర్థము మిగిలినది పూరించును. పూర్వ పండితులు శిథిల ప్రతులను పరిష్కరించిన తీరిదియే. కాని పురుగు పాదము పాదమంతయు తిన్నచో, ఎంతటి ఛాందసుడును దానిని తిరిగి నిలుపజాలడు.

ఉపగ్రహ టెలివిజన్‌కు 1990లలో ఏర్పరచిన ప్రమాణమున ఈ యతిప్రాసల నియమము అంకెలలో నున్నది. 188 బైట్ల వర్తమానమునకు 16 బైట్లు చేర్చి 204గా పంపుదురు. అందు ఏ యెనిమిది చెడినను పెట్టె సరిదిద్దును. తొమ్మిదవది చెడినచో సరిదిద్దలేదు. కావుననే డిజిటల్ బొమ్మ అంచువఱకు నిర్మలముగా వచ్చి, అంచు దాటగానే గళ్లుగళ్లై నిలిచిపోవును. అంతటితో పోదు. సంకేతము మరల అందినను, పెట్టె దానిని గుర్తుపట్టి, వరుస కుదుర్చుకొని, పూర్తి బొమ్మ వచ్చువఱకు వేచియుండవలెను. దానికి కొన్ని సెకండ్లు పట్టును. పడవ కొన్ని సెకండ్లకొకసారి ఊగుచున్నచో, పెట్టె వరుస కుదుర్చుకొనులోపల మరల జాఱిపోవును. లెక్కకు సగము కాలము సంకేతమున్నను చూచువానికి ఏమియు దక్కదు. ఈ సంగతి తెలియక కొందఱు మఱింత శక్తిగల పెట్టెలకై డబ్బు వెచ్చింతురు. లోపించినది శక్తి కాదు, నిలుకడ.

మఱి ఉపాయమేమి? నదిలో ఒడ్డు ప్రక్కన నిలిచిన లాంచీకి అన్నిటికన్న చౌక దారి యొకటి గలదు. డిష్‌ను పడవలో పెట్టనేరాదు. ఒడ్డున ముక్కాలిపీటకు బిగించి, తీగను పడవలోనికి లాగుకొనవలెను. డిష్ యెదుటనుండు ఎల్.ఎన్.బి. అను డబ్బా సంకేతమును పెద్దదిచేసి పంపును గనుక ఇరువది ముప్పది మీటర్ల తీగకు భయము లేదు. పాపికొండల నడుమ గోదావరి ఇఱుకున గూడ ఇది కుదురును. ఉపగ్రహము నెత్తిమీదికి వచ్చియుండుటచేత కొండలు దానిని తఱుచుగా మఱుగుపఱచవు. ముందు వెనుకల రెండు లంగరులు వేసి పడవను తిరుగనీయకుండుట మఱియొక ఉపాయము. ఇది నిశ్చలమైన నీటికే తగును. తెరపి సముద్రమున వెనుక లంగరు వేసిన పడవ గాలి మారినప్పుడు అలకు ఎదురు తిరుగలేక ప్రక్కనో వెనుకనో దెబ్బ తినును. టెలివిజన్ కొఱకు ఏ సరంగును ఆ పని చేయడు, చేయరాదు.

ఓడలలో దిక్సూచిని ఉంచునట్లు డిష్‌ను ఉంగరములలో వ్రేలాడదీసి, క్రింద బరువు కట్టినచో ఒరుగుట కొంత సర్దుకొనును. తిరుగుటకు అది మందు కాదు. రెండింటిని జయించునది గుమ్మటములో నమర్చిన స్వయంచాలక డిష్. మీ ఫోను ప్రక్కకు త్రిప్పగానే బొమ్మను త్రిప్పు చిన్న యంత్రములవంటివే అందును ఉండి పడవ కదలికను కనిపెట్టును. మోటార్లు డిష్‌ను ఎదురు త్రిప్పును. పెద్ద ఓడలకది మామూలే. దినకూలికి వేటకు పోవువాని పడవకు దాని వెల అందనిది.

బ్రిటనులో 2012 నాటికి, అమెరికాలోని పెద్ద కేంద్రములలో 2009 జూన్‌లో, నేలమీది స్తంభములనుండి చేయు ప్రసారము పూర్తిగా డిజిటల్ అయినది. అచ్చటి తీరముల పడవలవారు అన్ని దిక్కులకు సమముగా చూచు గుండ్రని ఏరియల్‌ను కొయ్యకొనకు కట్టుకొందురు. పడవ ఎటు తిరిగినను దానికి చింత లేదు. శక్తి తక్కువగా గ్రహించునది గనుక ఎత్తే దానికి బలము. మన దేశమున దూరదర్శన్ తన పాత పద్ధతి భూతల కేంద్రములలో అత్యధిక భాగమును 2022 నాటికి మూసివేసినందున, మన మత్స్యకారులకు ఆ దారి దాదాపు లేదు. అన్నట్లు, యాంటెన్నా అను లాటిన్ మాటకు మొదటి యర్థము తెరచాపను కట్టు అడ్డకొయ్య. పురుగు మీసములకును, పిదప రేడియో తీగకును ఆ పేరు వచ్చినది. పడవమీదనుండి దిగిన మాట మరల పడవ యెక్కినది.

ఉప్పుగాలి తీగ పిన్నులకు చిలుము పట్టించును గనుక వాటిని నీరు చొరని టేపుతో చుట్టవలెను. తెరచాపకొయ్య నీడ డిష్‌పై పడకుండ చూచుకొనవలెను. ఇవి చిన్న సంగతులు. పెద్ద సంగతి వాన. రెండున్నర సెంటీమీటర్ల తరంగమును జడివాన పీల్చివేయును. మన యింట శ్రావణమాసమున ఆట నడుమ టెలివిజన్ పోవుట ఇందువలననే. అనగా తుపాను మీదికి వచ్చిన గడియలోనే, హెచ్చరిక మిక్కిలి కావలసినప్పుడే, డిష్ చేయి విడుచును.

2017 నవంబరు చివర ఒఖీ తుపాను వచ్చినప్పుడు కేరళ, తమిళనాడుల మత్స్యకారులు వందలమంది సముద్రము పాలైరి. తీరమునకు దూరముగా నున్న వారికి వార్త చేర్చు దారి లేకపోయెను. పిమ్మట 2019 అక్టోబరులో, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అను సముద్ర సమాచార కేంద్రము తోడ్పాటుతో, జెమిని అను చిన్న పరికరము వెలువడినది. పేరు విని తెలుగు చానెలనుకొనకుడు. ఇది గగన్ అను ఉపగ్రహ వ్యవస్థనుండి హెచ్చరికలను అందుకొని, బ్లూటూత్ ద్వారా మత్స్యకారుని ఫోనునకు పంపును. దాని తరంగము పొడవు 19 సెంటీమీటర్లు. వాన దానినంతగా బాధింపదు. టెలివిజన్ బొమ్మకు సెకండునకు లక్షలకొలది అంకెలు కావలెను. గగన్ సంకేతము సెకండునకు మోయునవి 250 మాత్రమే. మోయవలసినది తక్కువగుటచేత బలహీనమైన సంకేతమైనను చాలును. అందుచేత గుఱిపెట్టు డిష్ అక్కఱలేదు. అన్ని దిక్కులకు చూచు చిన్న యాంటెన్నాతోనే, పడవ తిరిగినను ఒరిగినను, గాలి యెప్పుడు లేచునో, అల యెంత యెత్తున వచ్చునో తీరప్రాంతపు భాషలలో మత్స్యకారుని ఫోనుమీద కనబడును.