బరువు తగ్గే ఆపరేషన్: సంతకానికి ముందే తెలుసుకోవలసిన హక్కులు

గుండెపోటు వచ్చినప్పుడో, రోడ్డు ప్రమాదం జరిగినప్పుడో ఆస్పత్రి కాగితాలు చదివే తీరిక ఎవరికీ ఉండదు. వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం పెట్టేస్తాం. బరువు తగ్గే ఆపరేషన్ సంగతి వేరు. తేదీ ముందే ఖాయం చేసుకుంటాం, వారాల తరబడి పరీక్షలు చేయించుకుంటాం, మన కాళ్ల మీద మనమే నడుచుకుంటూ వెళ్లి ఆస్పత్రిలో చేరతాం. ఇంత వ్యవధి ఉండి కూడా చాలామంది కన్సెంట్ ఫారం మొహం చూసేది ఆపరేషన్‌కు ముందురోజు రాత్రి, వార్డులో, నర్సు పెన్ను చేతికిచ్చినప్పుడు! తర్వాత ఏదైనా తేడా చేస్తే వకీలు దగ్గరికి వస్తారు. అప్పటికి మేం చేయగలిగింది ఆ కాగితాల్లో ఏముందన్నదాన్ని బట్టే ఉంటుంది. అందుకే ఈసారి ఆపరేషన్‌కు ముందు జరగవలసిన వాటి గురించే ఎక్కువగా రాస్తున్నాను.

ఏ ఆపరేషన్ చేయబోతున్నారో ముందు పేరుతో సహా తెలుసుకోండి. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయాన్ని ముప్పావు వంతు దాకా కోసి బయటికి తీసేస్తారు. తీసేసినదాన్ని మళ్లీ అతికించే వీలు లేదు. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిలా విడదీసి పేగుకు కలుపుతారు. బెలూన్‌కు కోత ఉండదు. ఎండోస్కోపీతో లోపల పెట్టి, కొన్ని నెలలకు తీసేస్తారు. లైపోసక్షన్ ఈ కోవలోకే రాదు. అది ఒంటి ఆకృతి కోసం కొవ్వు లాగేయడం, బీమా కంపెనీలు దాన్ని అందానికి సంబంధించిన ఖర్చుగానే లెక్క కడతాయి. ఏది చేయించుకుంటున్నామన్నదాన్ని బట్టి ప్రమాదాలూ ఖర్చులూ మాత్రమే కాదు, మీ హక్కులూ మారతాయి.

సమ్మతి గురించి మన దేశంలో ప్రతి రోగీ తెలుసుకోదగ్గ తీర్పు సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చింది. ఆమె ఒప్పుకున్నది మత్తు ఇచ్చి లాప్రోస్కోపీతో లోపల పరీక్షించడానికి. మత్తులో ఉండగా డాక్టరు బయట కూర్చున్న తల్లిని అడిగి, గర్భసంచి, అండాశయాలు తీసేశారు. స్పృహలో ఉంటే తన నిర్ణయం తాను చెప్పగల మేజరు తరఫున తల్లి ఒప్పుకున్నా చెల్లదని, ప్రాణాపాయం లేనప్పుడు రోగి మెలకువ వచ్చేదాకా ఆగవలసిందేనని కోర్టు తేల్చిచెప్పింది. డాక్టరుకు ఫీజు రాదంది, 25,000 రూపాయల పరిహారం కట్టమంది. పరిహారం తక్కువేనని నా అభిప్రాయం. కానీ ఆ తీర్పు చెప్పిన సూత్రం చాలా గట్టిది. ఆపరేషన్ ఎలాంటిది, ఎందుకు, దానివల్ల ఒరిగేదేమిటి, వేరే మార్గాలున్నాయా, చెప్పుకోదగ్గ ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది... ఇవన్నీ రోగికి అర్థమయ్యేలా చెప్పాకే సమ్మతి సమ్మతి అవుతుంది. ఎక్కడో లక్షలో ఒకరికి వచ్చే ప్రమాదాన్ని కూడా ఏకరువు పెట్టమని కోర్టు అనలేదు.

ఇదే సూత్రాన్ని స్లీవ్ ఆపరేషన్‌కు పెట్టి చూడండి. స్లీవ్‌కని సంతకం తీసుకుని, లోపల చూశాక బైపాస్ చేసేస్తే అది మీరు ఒప్పుకున్న ఆపరేషన్ కాదు. పనిలో పనిగా పిత్తాశయం తీసేసినా, హెర్నియా సరిచేసినా దానికీ మీ సమ్మతి ముందే ఉండాలి. అవసరమైతే ఫలానాది కూడా చేయొచ్చని ముందే మాట్లాడుకుని, ఫారంలో పేరు రాయించి ఒప్పుకోవడానికి చట్టం అడ్డు చెప్పదు. కాబట్టి ఫారంలో ఖాళీలు ఉంచకండి. ఆపరేషన్ పేరు, సర్జన్ పేరు రాసి ఉన్నాయో లేదో చూడండి. కుట్లు వేసిన చోట లీకు కావడం, కాళ్ల రక్తనాళాల్లో గడ్డలు కట్టడం, స్లీవ్ తర్వాత గుండెల్లో మంట ఎక్కువ కావడం, వేగంగా బరువు తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడటం, బీ12, ఐరన్, కాల్షియం లాంటివి జీవితాంతం వేసుకోవలసి రావడం, ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వద్దనడం... ఇవి డాక్టరు మీతో కూర్చుని చెప్పవలసినవి. ఇప్పటికే గుండెల్లో మంటతో బాధపడేవారికి స్లీవ్ ఎందుకు, బైపాస్ ఎందుకు కాదు అన్న ప్రశ్న ఒక్కటి అడిగి చూడండి. జవాబు చెప్పే తీరులోనే ఆ డాక్టరు మీకోసం ఎంత ఆలోచించారో తెలిసిపోతుంది. ఫారం ఇంగ్లిషులో ఉంటే తెలుగులో ఇమ్మనండి, లేదా తెలుగులో చదివి వినిపించినట్టు దానిమీదే రాయమనండి. వారం ముందే ఫారం కాపీ ఇంటికి తెచ్చుకోండి. ఇవ్వబోమంటే ఆస్పత్రి మార్చే సంగతి ఆలోచించండి.

ఇంకో సంగతి, మన ఇళ్లల్లో జరిగేది. పెళ్లి సంబంధాలు తప్పిపోతున్నాయని అమ్మాయికి ఈ ఆపరేషన్ చేయించే తల్లిదండ్రులున్నారు. కాన్పు తర్వాత లావైందని భార్యను లాక్కెళ్లే భర్తలున్నారు. పద్దెనిమిదేళ్లు నిండిన మనిషి ఒంటిమీద కత్తి పెట్టడానికి ఆ మనిషి సమ్మతే కావాలి. భర్త సంతకం లేదని చేయననడం ఎంత తప్పో, భర్త సంతకం ఉంది కదా అని చేసేయడం అంతకంటే తప్పు. అమ్మా, నీకు ఇష్టం లేకపోతే మత్తు ఇచ్చే క్షణం దాకా వద్దనే హక్కు నీకుంది. పెట్టిన సంతకాన్ని వెనక్కి తీసుకోవచ్చు. ఆపరేషన్‌కు ముందు మానసిక నిపుణులతో మాట్లాడించే పద్ధతి మంచి ఆస్పత్రుల్లో ఉంటుంది. ఆ గదిలోకి ఇంటివాళ్లను రానివ్వకుండా ఒంటరిగా మాట్లాడతానని అడగండి.

ఇక బీమా. క్లెయిములు ఎక్కువగా చిక్కుబడేది ఇక్కడే. ఆరోగ్య పాలసీల్లో ఊబకాయం ఆపరేషన్‌కు సంబంధించిన మినహాయింపు ఎలా ఉండాలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఒకే భాషలో ఖాయం చేసింది. డాక్టరు సలహా మీద, వైద్య ప్రమాణాల ప్రకారం, 18 ఏళ్లు నిండినవారికి చేసి ఉండాలి. ఎత్తునూ బరువునూ కలిపి లెక్కగట్టే బీఎంఐ 40 గాని అంతకు మించి గాని ఉండాలి. లేదంటే 35 గాని పైన గాని ఉండి, ఊబకాయం వల్ల గుండె కండరం దెబ్బతినడం, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని టైప్ 2 షుగరు... వీటిలో ఏదో ఒకటి ఉండాలి. అదీ ఆహార నియమాలు, వ్యాయామం లాంటివి చేసి ఫలించకపోయాకే. మోకాళ్ల నొప్పులు, పీసీఓడీ, సంతానం కలగకపోవడం ఈ జాబితాలో లేవు. వైద్యులు మాత్రం ఇప్పుడు ఇంకా ముందుకెళ్లారు. ఊబకాయ శస్త్రచికిత్సకు సంబంధించిన రెండు పెద్ద సంఘాలు 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు 35 దాటిన ఎవరికైనా ఆపరేషన్‌ను సూచించవచ్చన్నాయి, ఆసియావాసుల విషయంలో 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. కాబట్టి, "మీరు ఆపరేషన్‌కు అర్హులే" అని సర్జన్ అన్నంత మాత్రాన, పాలసీకి కూడా అర్హులైపోయినట్టు కాదు. ఈ రెండు గీతల మధ్య పడినవారే చేతి నుంచి లక్షలు కట్టుకుంటున్నారు.

ఈ లెక్కలో ఒక్క కిలో, ఒక్క సెంటీమీటరు ఎంత పని చేస్తాయో చూడండి. 165 సెంటీమీటర్ల ఎత్తు, 97 కిలోల బరువుంటే బీఎంఐ 35.6. ఆపరేషన్‌కు ముందు కాలేయం కొంచెం తగ్గడానికి రెండు వారాలు ద్రవాహారం పెడతారు. మూడు కిలోలు తగ్గి 94తో ఆస్పత్రిలో చేరితే 34.5! బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ ఆ అడ్మిషన్ కాగితం చూసి అర్హత లేదంటాడు. డాక్టరు చెప్పినట్టు విన్నందుకు క్లెయిము పోతుంది. అందుకని ఆపరేషన్ సలహా ఇచ్చిన రోజునే చెప్పులు విప్పి ఎత్తు, బరువు తీయించుకుని, తేదీ, డాక్టరు సంతకం ఉన్న ప్రిస్క్రిప్షన్ మీద రాయించుకోండి. ఆహార నియమం వల్లే తర్వాత బరువు తగ్గిందని అదే డాక్టరుతో లేఖ తీసుకోండి. డైటీషియన్ చీటీలు, షుగరు రిపోర్టులు, నిద్ర పరీక్ష రిపోర్టు, ముందు వాడిన మందుల బిల్లులు ఒక ఫైలులో పెట్టండి. ఎత్తు ఒక సెంటీమీటరు తగ్గించి రాయిస్తే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే చెవిన పెట్టకండి. తప్పుడు లెక్కతో చేసిన క్లెయిము మీ మెడకే చుట్టుకుంటుంది.

పాలసీ తీసుకున్నప్పుడు బరువు, షుగరు దాచారా అన్నది కూడా కంపెనీ తవ్వుతుంది. అయితే 2024 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, ముందునుంచీ ఉన్న జబ్బుకు వెయిటింగ్ పీరియడ్ 36 నెలలు దాటకూడదు. 60 నెలలు ఎడతెగకుండా ప్రీమియం కట్టినవారి క్లెయిమును వివరాలు దాచారన్న సాకుతో తోసిపుచ్చకూడదు, మోసమని రుజువైతే తప్ప. క్యాష్‌లెస్ అడిగిన గంటలో నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జి రోజున చివరి అనుమతి మూడు గంటల్లో రావాలి. తిరస్కరిస్తే పాలసీలోని ఏ నిబంధన ప్రకారమో రాతపూర్వకంగా చెప్పి తీరాలి. ఉద్యోగం చేసే చోట ఇచ్చే గ్రూపు పాలసీల్లో షరతులు కొంత వేరుగా ఉంటాయి కాబట్టి ఉద్యోగులు హెచ్‌ఆర్ నుంచి పూర్తి పాలసీ కాపీ తెప్పించుకోండి, బ్రోషరు సరిపోదు.

ఆస్పత్రి ఎంపిక గురించి ఒక బాధాకరమైన సంగతి చెప్పాలి. 2024 ఏప్రిల్‌లో చెన్నై శివారులోని ఓ ప్రైవేటు ఆస్పత్రిలో బరువు తగ్గే ఆపరేషన్‌కు వెళ్లిన యువకుడు చనిపోయాడు. ప్రభుత్వం వేసిన విచారణలో అక్కడ అత్యవసర పరిస్థితిని తట్టుకునే ఏర్పాట్లు సరిగా లేవని తేలింది. ఆస్పత్రి రిజిస్ట్రేషన్‌ను ఆపేశారు. సర్జన్ పేరు ఎంత పెద్దదైనా, ఆపరేషన్ జరిగే భవనంలో ఐసీయూ, వెంటిలేటరు, రాత్రంతా ఉండే మత్తు డాక్టరు ఉన్నారా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న అడగడానికి మొహమాటపడవద్దు. ఆస్పత్రి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమనండి. తెలంగాణలో కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం అది తప్పనిసరి. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరును రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో సరిచూసుకోవచ్చు. మందుతో ఊబకాయం మాయం చేస్తామన్న ప్రకటనలైతే 1954 నాటి చట్టం కింద నేరమే.

డబ్బు విషయంలో ఒక్కటే జాగ్రత్త: ప్యాకేజీలో ఏమేం ఉన్నాయో, ఏమేం లేవో రాయించుకోండి. ఈ ఆపరేషన్‌లో పెద్ద ఖర్చు స్టేప్లర్ కార్ట్రిడ్జ్‌లది. ఎన్ని వాడారో వాటి స్టిక్కర్లు కేస్ షీటులో అంటించి ఉంటాయి, బిల్లుతో సరిచూడండి. బరువు తగ్గాక వేలాడే చర్మాన్ని సరిచేసే సర్జరీకి బీమా సాధారణంగా రాదు, ఆ ఖర్చు ముందే అడగండి. సేవ అందకపోయినా అడ్వాన్సు తిరిగి ఇవ్వకపోవడం, బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల కమిషన్‌లో అడగదగ్గవే. మీ "ముందు, తర్వాత" ఫొటోలు మీ అనుమతి లేకుండా ప్రకటనల్లో వాడినా అంతే.

డిశ్చార్జి రోజున సమ్మరీ ఒక్కటే తీసుకుని ఇంటికి రాకండి. పూర్తి కేస్ షీటు కావాలని రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లో డాక్టరు ఇవ్వాలని వైద్య నడవడిక నిబంధనలు చెబుతున్నాయి. రికార్డును మూడేళ్లు దాచాలనీ ఉంది. ఆపరేషన్ నోట్సు, నర్సుల చార్టు, వీడియో తీసి ఉంటే దాని కాపీ అడగండి. నర్సుల చార్టు ఎందుకంటే, లీకు అన్నది జాగ్రత్తగా చేసినా రావచ్చు. లీకు రావడమే నిర్లక్ష్యమని ఏ కోర్టూ అనదు. కానీ నాడి నిమిషానికి 120 దాటి గంటల తరబడి అలాగే ఉందని చార్టులో కనిపిస్తూ, ఎవరూ స్కాన్ రాయకుండా "గ్యాస్ నొప్పే" అంటూ ఊరుకుంటే, ఆ చార్టే మీ సాక్ష్యం. ప్రతి కేసుకూ నిపుణుడి సాక్ష్యం ఉండి తీరాలని లేదని 2010లో వి. కిషన్ రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మలేరియాను టైఫాయిడ్ అనుకుని చికిత్స చేసిన హైదరాబాద్ ఆస్పత్రి కేసు అది. అయితే స్లీవ్, బైపాస్ లాంటి చిక్కుముడి విషయాల్లో ఇంకో సర్జన్ రాసిచ్చిన అభిప్రాయం ఉంటే కేసు నిలబడుతుంది.

ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. మీరు ఉండే ఊరి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, ఆస్పత్రి ఏ నగరంలో ఉన్నా. కట్టిన డబ్బు 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషనే చాలు, 5 లక్షల దాకా ఫీజే లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి దారి అడగొచ్చు. బీమా తిరస్కరణ మీద ముందు కంపెనీకే రాయండి. నెలలో జవాబు రాకపోతే, లేదా జవాబు నచ్చకపోతే ఏడాదిలోగా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి. అక్కడ ఫీజూ లేదు, వకీలూ అక్కర్లేదు. 50 లక్షల దాకా పరిహారం చెప్పగలరు. చాలామందికి తెలియని మూడో దారి శాశ్వత లోక్ అదాలత్. ఆస్పత్రి సేవలు, బీమా సేవలు రెండూ దాని పరిధిలోకి వస్తాయి. కోటి రూపాయల దాకా వివాదాలు తీసుకుంటుంది, రాజీ కుదరకపోతే తానే తీర్పు చెబుతుంది. ఇప్పటికే కోర్టులో వేసిన వివాదాన్ని మాత్రం తీసుకోదు కాబట్టి ముందే నిర్ణయించుకోండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వకీలును జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఇస్తుంది. నంబరు 15100.