తెరమీది తీరం

పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోట ఉంది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు అది నెల్లూరు జిల్లాలోనిదే. 2004 సెప్టెంబరు 20న అక్కడినుండి ఎడ్యుశాట్ నింగికెగసింది. విద్యావసరాలకే కేటాయించిన తొలి భారతీయ ఉపగ్రహమది. 2010లో దాని సేవలు ముగిశాయి. ఆనాడు పాఠం ఆకాశంనుండి దిగివచ్చేది, విద్యార్థి ఆలకించేవాడు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ట్యాబులు పంచింది. ఆపై ఉన్నత పాఠశాలల గోడలమీద తాకితే స్పందించే పెద్ద తెరలు వెలిశాయి. పరికరం మారింది, బోధన మారిందా?

సాంఘికశాస్త్రంలో అంతర్భాగంగా మన పిల్లలు అర్థశాస్త్రం చదువుతారు. డిమాండ్ రేఖను సుద్దముక్కతో గీసినా, తెరపై రంగులలో కదిలించినా, విద్యార్థి కేవలం ప్రేక్షకుడైతే భేదం స్వల్పమే. తన ఊరి లెక్కలను తానే నమోదుచేసి, తానే రేఖ గీసినప్పుడు గదా ఆ యంత్రానికి సార్థకత! 'అర్థం' అనే మాటకు ధనమనీ, తాత్పర్యమనీ రెండు అర్థాలుండడం మన భాషకు దక్కిన అదృష్టం. మొదటిదాన్ని బోధిస్తూ రెండవదాన్ని విస్మరించరాదు.

నెల్లూరు తీరంలో ఇందుకు సామగ్రి కొదవలేదు. రొయ్య ధర కౌంటునుబట్టి పలుకుతుంది. కిలోకు ఎన్ని తూగితే అంత కౌంటు. ముప్పై కౌంటు రొయ్య పెద్దది, దాని ధర హెచ్చు; వంద కౌంటుది చిన్నది, ధర తక్కువ. చెరువుగట్టున పెరిగిన బాలునికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. వారంవారం ఆ ధరలను స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కిస్తే, కొన్ని నెలలకు తెరమీద ఎగుడుదిగుళ్ల గీత ఏర్పడుతుంది. ధర హెచ్చిందని అందరూ ఒక్కసారిగా పిల్ల వదిలితే, మూడు నాలుగు నెలల తరువాత పంట ఒక్కసారే చేతికొచ్చి ధర పడిపోవచ్చు. ఆ నష్టానికి వెరచి సాగు మానితే మళ్లీ కొరత. నికొలస్ కాల్డార్ 1934లో సాలెగూడు సిద్ధాంతమని పేరిడినది దీనికే. ఇక 2025 ఆగస్టు 27న అమెరికా అనేక భారతీయ సరకులపై అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఆ తేదీకి ముందూ వెనుకా ధరలను పోల్చమంటే, అంతర్జాతీయ వాణిజ్యం ఇంటి సంగతే అవుతుంది.

వేట గ్రామాల విద్యార్థులకు మరొక పాఠముంది. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పుతీరంలో మరపడవల వేటకు నిషేధం. ఆ రోజులలో చేప ధర పెరిగితే కారణం డిమాండ్ పెరగడమా, సప్లయి తగ్గడమా? ఏ రేఖ జరిగిందో వారినే తెరమీద జరపనివ్వాలి.

కేరళ తీరంలో సెల్‌ఫోన్లు వచ్చాక రేవుకూ రేవుకూ నడుమ చేపల ధరలలో వ్యత్యాసం తగ్గిందనీ, అమ్ముడుపోక పారవేసే సరకు దాదాపు లేకుండా పోయిందనీ రాబర్ట్ జెన్సన్ 2007లో ప్రచురించిన అధ్యయనం నిరూపించింది. సమాచారానికి విలువ ఉందనడానికి ఇంతకన్న చక్కని దృష్టాంతం అరుదు. అయినా మైపాడులోనో, ఇస్కపల్లిలోనో ఈ పాఠం చెప్పేటప్పుడు ఉపాధ్యాయుడు ఒక ప్రశ్నకు సిద్ధపడాలి. వలకూ పడవకూ వ్యాపారివద్ద ముందే అప్పు తెచ్చుకున్నవాడు, పక్క రేవులో మంచి ధర ఉందని ఫోను చెప్పినా, పట్టిన చేపను అక్కడికి తీసుకుపోగలడా? తెరమీది రేఖలో ఆ అప్పు కనబడదు. అది ఎరిగిన పిల్లవాడు ఆ తరగతిలోనే కూర్చుని ఉండవచ్చు.